జనరేటర్‌కు కట్టిన కొట్టం

జనరేటర్‌కు కొట్టం కట్టిన మనిషిని నా ఉద్యోగంలో ఒక్కణ్నే చూశాను. ఎద్దులకు కట్టినట్టే కట్టాడు. నాలుగు వేప గుంజలు పాతి, పైన బోద గడ్డి కప్పి, పడమటి గాడ్పు తగలకుండా కంది కట్టెతో తడిక అల్లి, దక్షిణం వైపు ఎండ పడకుండా ఇంకో తడిక కట్టాడు. తడికల మీద గోనె సంచులు వేలాడదీసి, పూటకు నాలుగు బిందెల నీళ్లు చల్లేవాడు. ఆ కొట్టం మధ్యలో, పచ్చ రంగు ఇనుప డబ్బాలో, కొత్త డీజిల్ జనరేటర్ కొత్త అల్లుడిలా కూర్చుని ఉంది.

నేను స్కూటీ ఆపి హెల్మెట్ తీయగానే ఆ పెద్దాయన నా వెనక రోడ్డు వైపు చూశాడు.

"మెకానిక్ ఏడమ్మా? ఎనక వస్తుండా?"

"నేనే మెకానిక్‌ను," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, నా సామాను సంచిని చూశాడు, మళ్లీ రోడ్డు చూశాడు. ఈ చూపులు నాకు కొత్త కాదు. గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలేసి ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్చుకుని, మూడు జిల్లాల జనరేటర్లకు మరమ్మతులు చేసే ఏజెన్సీలో చేరిన దాన్ని. గద్వాల అయినా, వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా, ఆసుపత్రి అయినా, ఫంక్షన్ హాలు అయినా, మొదటి ప్రశ్న అదే. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది. కాకపోతే ఇప్పుడు నోరు మూసుకుని ముందు డబ్బా తలుపు తీస్తాను.

అది వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ వెళ్లే దారి పక్కన ఒక హ్యాచరీ. నాటుకోడి గుడ్లను యంత్రాల్లో పొదిగించి పిల్లలను తీస్తారు. మెట్ట సేద్యంతో విసిగిపోయిన ఆ భార్యాభర్తలు పొలంలో ఒక మూలన దాన్ని పెట్టుకున్నారు. లోపలి వ్యవహారమంతా ఆమెది, ఆవరణంతా ఆయనది. నేను ఆమెను పెద్దమ్మా అన్నాను. ఆమె నన్ను బిడ్డా అంది. రోడ్డు వైపు చూడకుండా నన్ను నేరుగా లోపలికి తీసుకుపోయిన మనిషి కాబట్టి, ఆమె మీద నాకు ఆ క్షణంలోనే అభిమానం పుట్టింది.

"పోయిన విడత గుడ్లన్ని లోపల్నే సచ్చినయి బిడ్డా," అంది ఆమె. "కరెంటు పోయింది, ఇది షురువైంది. గంటసేపు మంచిగనే నడ్చింది. ఇగ ఆ తర్వాత మూల్గుడు, మూల్గుడు. ఫ్యాన్లు మెల్లగైనయి. ఆఖరికి బందైంది."

గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు. మొదటి రోజుల్లో గుడ్డుకు వెచ్చదనం కావాలి. చివరి రోజుల్లో లోపలి పిల్లే వేడి పుట్టిస్తుంది. అప్పుడు దానికి కావలసింది గాలి, చల్లదనం. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్లు ఆగితే పిల్లలు పెంకు లోపలే ఉడికిపోతాయి. పోయిన విడతలో జరిగింది అదే. ఆ పిల్లల కోసం లింగాల, తిమ్మాజిపేట వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు బస్సులు మారి గంపలు పట్టుకుని వచ్చారట. ఉత్త గంపలతో వెనక్కి పోయారట.

"గా ఆడోళ్లు మల్ల వస్తుండ్రు. గురువారం నాడు పిల్లలు బయటికొస్తయి," అంది పెద్దమ్మ. "గురువారమే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు బంద్ పెడ్తరంట, లైను మారుస్తరంట. మల్లొకపారి ఉత్త గంపలతోని పంపితే ఇగ నా గడప తొక్కుతరా? హ్యాచరీ మూసుకునుడే."

నేను వెళ్లింది సోమవారం. చేతిలో మూడు రోజులున్నాయి.

నిజానికి ఏజెన్సీ నన్ను బాగు చేయమని పంపలేదు. పోయి లెక్కలు రాసుకుని రమ్మంది, అంతే. బాగు చేయడానికి నాగర్‌కర్నూల్‌లో ఉండే మా పెద్ద మెకానిక్ వస్తాడు. నేను ఆయన్ని అన్నా అంటాను. ఇరవై ఏళ్లుగా ఇంజిన్ల చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. అయితే ఆ చెవి పాత ఇంజిన్ల మీద తయారైన చెవి. పాత ఇంజిన్‌కు ఎంత వేడి గాలి పెట్టినా, నల్ల పొగ కక్కుకుంటూ, డీజిల్ తాగుతూ, తిట్టుకుంటూ లాగేది. పొగ మీద కఠినమైన నిబంధనలు వచ్చాక తయారైన ఈ కొత్త ఇంజిన్‌కు తిట్టుకోవడం రాదు. దీనికి టర్బో ఉంది. అది గాలిని నొక్కి ఇంజిన్‌లోకి కూరుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి గాలి అలాగే లోపలికి పోతే బలమూ తగ్గుతుంది, పొగలో విషమూ పెరుగుతుంది. అందుకని రేడియేటర్ పక్కనే ఇంటర్‌కూలర్ అనే ఇంకో జాలీ పెట్టి ఆ గాలిని చల్లబరుస్తారు. చల్లబడిందా లేదా అని ఒక చిన్న సెన్సర్ ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. చల్లబడకపోతే ఇంజిన్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది, ఇంకా కాకపోతే ఆగిపోతుంది.

నేను జనరేటర్ నడిపించి ప్యానెల్ ముందు నిలబడ్డాను. గంటకు అదే మూలుగు. ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి పాకుతూ పెరిగింది, బలం పాకుతూ తగ్గింది. చల్లబరచాల్సిన గాలే వేడిగా ఉందని ప్యానెల్ చెబుతోంది. కానీ ఎందుకు వేడిగా ఉందో చెప్పడం దాని పని కాదు కదా.

అన్నకు ఫోన్ చేశాను.

"ఇంటర్‌కూలర్ పోయిన నెలనే నేను నీళ్లు గొట్టి కడిగిన. అది కాదు," అన్నాడు. "సెన్సర్ వైరుకు ఒక చిన్న రెసిస్టర్ ఏసెయ్. చల్లగున్నదనుకొని నడుస్తది. అందరు చేసేదే."

"చల్లగున్నదనుకుంటది అన్నా. చల్లగ ఉండదు కద."

"నీ బాధేంది? గురువారం గడుస్తది."

"టర్బో గురువారమే కాలిపోతే?"

"అట్లయితే నీకు తెలిసింది చేస్కో. గురువారం ఆగితే జవాబు నువ్వే చెప్పాలె," అని పెట్టేశాడు.

నాకు కోపం వస్తే చెవులు ఎర్రబడతాయని మా అమ్మ అంటుంది. ఆ రోజు చెవులు కాలాయి. జ్వరం ఉన్న పిల్లకు మందు వేయకుండా థర్మామీటర్ విరగ్గొట్టమన్నట్టుంది ఆయన సలహా. పైగా నిబంధన ప్రకారం ఆ సెన్సర్‌ను ముట్టుకోవడం తప్పు. అదంతా అలా ఉంచితే, రెసిస్టర్ వేశాక ఇంజిన్ గడగడా తిరిగి, మధ్యాహ్నం రెండింటికి పొగ చిమ్మి కూలబడితే ఆ గుడ్ల మధ్య నిలబడే ముఖం నాకు లేదు. వేయనని తేల్చుకున్నాను. తేల్చుకున్నాక భయం వేసింది, ఆ సంగతి దాచను.

థర్మామీటర్ పట్టుకుని కొట్టం చుట్టూ తిరిగాను. బయట ఎండలో నలభై మూడు. కొట్టం కింద, నీడలో, డబ్బాలోకి గాలి పోయే జాలీ దగ్గర యాభై ఎనిమిది! నీడలో ఎండకంటే ఎక్కువ వేడి. అది చూడగానే నాకు విషయం సగం తెలిసిపోయింది. మిగతా సగం ఆ పెద్దాయనకు తెలియజేయాలి, అదే కష్టం.

నా సంచిలో ఎప్పుడూ పట్టు దారపు ముక్కలు ఉంటాయి. మగ్గం దగ్గర ఊడ్చి పారేసేవి. వైర్లకు గుర్తులు కట్టుకోవడానికి అమ్మను అడిగి తెచ్చుకుంటాను. ఎర్ర దారాలను మూరెడు మూరెడు కోసి, కొట్టం వాసాలకు, గుంజలకు, జాలీకి ముందూ వెనకా కట్టాను. పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఏంది, నా కొట్టానికి తోరణాలు గడ్తున్నవా?"

"గాలి ఎటు పోతుందో చూపిస్త, పెద్దనాయినా."

జనరేటర్ నడిపించాను. దాని ఫ్యాను వేడి గాలిని పడమటి వైపుకు తోస్తుంది. అక్కడ దారాలు పడమరకు లేచాయి, తడికకు తగిలాయి, అంటుకుపోయాయి. తడిక పైన ఉన్న దారాలు పైకి లేచాయి. కప్పు కింద వాసాలకు కట్టినవన్నీ తూర్పుకు తిరిగి నిలబడ్డాయి. తూర్పున గాలి లోపలికి పోయే జాలీ దగ్గరి దారాలు లోపలికి పీల్చుకుపోయాయి. ఇంజిన్ వదిలిన గాలినే ఇంజిన్ మళ్లీ పీలుస్తోంది. తడిక దానికి దారి చూపిస్తే, కప్పు దాన్ని చేతుల మీద మోసుకొచ్చి అప్పజెబుతోంది. పొగ గొట్టానికి మూరెడు దూరంలో ఎండు గడ్డి కప్పు ఉన్న సంగతి వేరే. అది చూసి ఆ సోమవారం దాకా అంటుకోనందుకు మనసులో దండం పెట్టుకున్నాను.

"ఈ కొట్టం తీసెయ్యాలె," అన్నాను. అనకూడని తీరుగా అన్నాను. ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన ముఖం మాడిపోయింది. "ఎండల ఎద్దును గట్టేస్తరా ఎవరన్న? నోరు లేదని మిషిన్ను ఎండల పెడ్తమా? కూసోబెట్టి నీడ చేసి నీళ్లు జల్లితే తప్పయితదా? నిన్నగాక మొన్న వచ్చినవ్, నీకేం తెల్సు?" అంటూ గోనె సంచులు సర్దుకోవడానికి పోయాడు.

ఆయన కట్టింది ప్రేమతో. ఆ సంగతి నాకు మంగళవారం పొద్దున గద్వాల నుంచి వస్తున్నప్పుడు దారిలో తట్టింది. ఎద్దుకు ఎండా గాడ్పూ శత్రువులు. దానికి నీడ చేసి గాడ్పు అడ్డుకుంటే చాలు. ఇంజిన్‌కు శత్రువు తన వేడే. అది బయటికి పోయే దారి ఉంటే ఎండ దాన్ని ఏమీ చేయదు. జీవితమంతా పశువులను చూసుకున్న మనిషి ఇనుప పశువునూ అలాగే చూసుకున్నాడు. ఇందులో తిట్టాల్సింది ఏముంది? ఆ రోజు స్కూటీ దిగుతూనే ఆయన దగ్గరికి పోయాను.

"పెద్దనాయినా, తడికలు తియ్యను. జరుపుదాం. ఒక తడిక డబ్బా నడుమ అడ్డం పెడదాం, కప్పుదాక. అప్పుడు వేడిగాలి తూర్పుకు రాదు. పడమటి వైపు కప్పు మాత్రం ఇప్పుదాం. పొగ గొట్టం గడ్డికి దూరమైతది, వేడి మీదికి పోతది. తూర్పున నీడ నీదే."

ఆయన గొంతుక్కూర్చున్నాడు. నేల మీద పుల్లతో కొట్టం గీశాడు. తర్వాత నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న అడిగాడు.

"పడమటి గాడ్పు ఎదురు కొడితే? నీ వేడిగాలి బయటికెట్ల పోతది?"

మా శిక్షణలో చెప్పిన వాళ్లెవరూ పాలమూరు గాడ్పు ఎదురుగా నిలబడి చెప్పలేదు. నేను తల గోక్కుంటుంటే ఆయన కళ్లలో మొదటిసారి మెరుపు కనిపించింది.

"తూర్పార పట్టేటోన్ని నేను. గాలి సంగతి నన్నడుగు," అన్నాడు. "రెండో తడికను పడమట, పది అడుగుల దూరంల, ఏటవాలుగ పెడ్త. గాడ్పు దాన్ని గుద్దుకొని మీదికి లేస్తది. లేస్తా లేస్తా నీ వేడిని గుంజుకపోతది."

నేను ఎగిరి గంతేయలేదు గానీ లోపల వేశాను. ఆయనే గడ్డపార తెచ్చాడు, ఆయనే గుంతలు తీశాడు, ఆయనే కప్పు విప్పాడు. "జర పట్టుకో", "ఇటు జరుపు" అంటూ నన్ను కూలికి పిలిచినట్టు పని చేయించుకున్నాడు. మధ్యాహ్నానికి పని అయింది. జనరేటర్ నడిపించాం. దారాలు పడమరకు లేచి, ఏటవాలు తడిక పైనుంచి ఆకాశానికి పోయాయి. తూర్పు జాలీ దగ్గర వేడి బయటి ఎండకు సమానంగా దిగింది. పెద్దాయన దారాలను చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

గంటన్నరకు ఇంజిన్ మళ్లీ మూలిగింది.

మునుపటికంటే ఆలస్యంగానే అయినా, మూలిగింది. బలం మెల్లగా తగ్గింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తోంది. ఆమె రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ సాయంత్రం ఇంటికి పోయి సరిగా తినలేదు. అన్నకు ఫోన్ చేయాలనిపించింది, చేయలేదు. పౌరుషమే, ఇంకేం కాదు.

బుధవారం పొద్దున గట్టిగా ఆలోచించడానికి ఏమీ లేదు. గాలి చల్లగా వస్తోంది, వేడి మాత్రం దిగడం లేదు. అంటే చల్లబరిచే జాలీలోనే అడ్డముంది. అన్న కడిగానన్నాడు. ముందు నుంచి చూస్తే తళతళలాడుతోంది. పక్క రేకు బోల్టులు విప్పి, ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న రెండు వేళ్ల సందులోకి చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. లాగాను. పసుపు పచ్చని దుప్పటి ముక్క వచ్చింది!

కోడిపిల్లల నూగు. పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక ఆరిన నూగు గాలిలో లేస్తుంది. హ్యాచరీ గోడకున్న ఫ్యాను దాన్ని బయటికి తోస్తుంది. ఆ ఫ్యాను మూతి సరిగ్గా కొట్టం వైపు. జనరేటర్ పీల్చుకుంది. అన్న బయటి నుంచి జోరుగా నీళ్లు కొట్టినప్పుడు, పైనున్న నూగంతా లోపలి సందులోకి పోయి, తడిసి, అణిగి, కంబళిలా పరుచుకుంది. బయటికి శుభ్రం, లోపల కంబళి.

"గిదేంది, నా పిల్లల బొచ్చే నా పిల్లల్ని జంపిందా?" అంది పెద్దమ్మ, ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని. ఆమె కళ్లు తడిశాయి. నేను చూడనట్టు పక్కకు తిరిగాను.

సబ్బు నీళ్లలో నానబెట్టి, పంక్చర్ దుకాణం నుంచి గాలి మిషన్ తెప్పించి, లోపలి నుంచి బయటికి మెల్లగా ఊదాను. రెండు జాలీల్లో ఒక్కో సందులోంచీ వెలుతురు కనిపించేదాకా ఊదాను. హ్యాచరీ ఫ్యాను మూతికి ముందు నూగు పట్టుకోవడానికి పెద్దమ్మ తన పాత నూలు చీర ఒకటి తెచ్చి వదులుగా వేలాడదీసింది. మధ్యాహ్నం ఫ్యాన్లు, కూలర్లు, మోటార్లు, అన్నీ జనరేటర్ మీద పెట్టి నడిపించాం. రెండు గంటలు. మూలుగు లేదు. ప్యానెల్ మీద అంకె ఒక చోట నిలబడి, ఇక కదలనని భీష్మించుకుంది. పెద్దాయన నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. ఎద్దును చరిచినట్టు. నాకు దానికంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

అయినా రెండు గంటలు వేరు, ఎనిమిది గంటలు వేరు. గురువారం తొమ్మిదికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. పదకొండుకు గంపల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ నీడన కూర్చున్నారు. పోయినసారి మోసపోయిన వాళ్లు కాబట్టి ఎవరూ నవ్వడం లేదు. వాళ్లలో ఒకామె చెవి జనరేటర్ వైపే పెట్టి ఉంది. పన్నెండు. ఒంటి గంట. ఒంటిగంటన్నరకు అన్న నాగర్‌కర్నూల్ నుంచి మోటార్‌సైకిల్ మీద దిగాడు. జేబులో రెసిస్టర్ ఉందని నాకు తెలుసు. దాన్ని వేసి గండం గట్టెక్కించాలని వచ్చాడు. ప్యానెల్ చూశాడు. మళ్లీ చూశాడు. జాలీ మీద చెయ్యి పెట్టాడు.

"ఎన్ని గంటల సంది నడుస్తుంది?"

"నాలుగున్నర అన్నా. ఫుల్ లోడ్."

ఏటవాలు తడిక చూపించి, "గిదెవరు పెట్టిన్రు?" అన్నాడు.

"నేనే," అన్నాడు పెద్దాయన, నేను నోరు తెరిచే లోపే.

నేను పసుపు కంబళి ముక్క తెచ్చి అన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "నేనే నీళ్లు గొట్టి లోపటికి నూకినట్టుంది," అన్నాడు. అంత పెద్ద మెకానిక్ అందరి ముందు ఆ మాట అన్నాడు. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. చెప్పొద్దూ, కొంచెం గర్వం మాత్రం ఎక్కింది.

రెండింటికి ఎండ నిప్పులు చెరిగింది. గాడ్పు లేచింది. తడికను గుద్దుకుని పైకి పోయింది. ప్యానెల్ మీద అంకె రెండు డిగ్రీలు పెరిగి ఆగింది. నేను గోళ్లు కొరుక్కున్నాను. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి సన్నగా, గుంపుగా కిచకిచలు మొదలయ్యాయి. ఇంజిన్ హోరులో కూడా వినిపించాయి. గోడ నీడన ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పెద్దమ్మ మొదటి ట్రే బయటికి తెచ్చింది. పసుపు, నలుపు, చారలు చారల ముద్దలు ఒకదాని మీద ఒకటి పడి తొక్కుకుంటున్నాయి. ఆడవాళ్లు గంపలు పట్టుకుని నవ్వుతూ, గొడవ పడుతూ, నాకు ముందంటే నాకు ముందని ఎగబడ్డారు. నేను కూడా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు.

ఇంకా యంత్రంలో సగం గుడ్లు పగలాల్సి ఉంది. నాలుగున్నరకు పెద్దమ్మ ఫోన్ మోగింది. ఆమె చేతిలో పిల్లలున్నాయి కాబట్టి నేనే ఆమె చెవికి పెట్టాను. అవతల లైన్‌మన్ మాట నాకూ వినిపించింది. పని తెమలలేదట, ఇంకో రెండు గంటలు పడుతుందట, ఏమనుకోవద్దట. మూడు రోజుల కిందట ఈ మాట వింటే ఆమె కూలబడిపోయేది. ఇప్పుడు ఆమె జనరేటర్ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. నా వైపు చూసింది.

"మెల్లగ చేస్కోండి నాయనా," అంది ఫోన్‌లో. "మాకేం తొందర లేదు."